మేనరికానికి అడ్డొచ్చిన చంద్రుడు

ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు గానీ, మా కుర్రతనంలో సైన్సు అన్న మాటకి ఒక మర్యాద ఉండేది. ఆ మాట ఎవరైనా పలికితే పక్కవాడు కనీసం చొక్కా గుండీలు సర్దుకునేవాడు. ఇప్పుడు పొద్దున్న లేస్తే ఫోను నిండా అదే మాట. వాము నీళ్ళు తాగితే మోకాళ్ళు కొత్తవైపోతాయని 'సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది'. ఉత్తరం వైపు తలపెట్టి పడుకుంటే బుర్రలో రక్తం ఇనుములా గడ్డకడుతుందని 'సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది'. ఎవరు ప్రూవ్ చేశారయ్యా, ఎక్కడ, ఎలా, ఎన్నిసార్లు తప్పాక ఒకసారి ఒప్పయింది అని నేను తిరిగి రాస్తే, మా అపార్టుమెంటు గ్రూపులోంచి నన్ను తీసేశారు. (మళ్ళీ చేర్చుకున్నారు. మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో నాకు తప్ప ఎవరికీ గుర్తుండదు.) ముసలాడికి ఇంత కోపం ఎందుకని పిల్లలు నవ్వుకుంటారు. ఎందుకంటే, ఆ మాటను నమ్మి, ఆ పద్ధతిని అక్షరాలా పాటించి నేను పోగొట్టుకున్నది అంతా ఇంతా కాదు. మా మరదల్ని పోగొట్టుకున్నాను.

అమ్మ పోయిన ఏడాది మా మేనమామ పెడన దగ్గర మా ఊరొచ్చి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న నాన్నతో, "వీణ్ణి నాతో పంపు బావా, నాలుగు చీరలు అమ్మడం నేర్చుకుంటాడు, నేయడం ఎలాగూ వచ్చు కదా" అన్నాడు. అలా నేను గవర్నర్‌పేటలో మామయ్య టోకు బట్టల కొట్లో చేరాను. కింద కొట్టు, పైన ఇల్లు. నా బడి చదువు పదితో ఆగిపోయింది గానీ, కొట్టు కట్టేశాక గ్రంథాలయంలో దొరికిన ప్రతి సైన్సు పుస్తకం తినేసేవాణ్ణి. అందులో ఒకదానికి అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. అందువల్ల సైన్సు ఎలా మొదలైందో నాకు చాలాకాలం తెలియలేదు గానీ, అది ఎలా నడవాలో మాత్రం కంఠతా వచ్చేసింది. ఏదైనా నిజమంటున్నావా, అయితే జరగబోయేది ముందే చెప్పు. చెప్పింది జరక్కపోతే నోరు మూసుకో. పరీక్ష చేసేవాడికి తెలియకూడనివి తెలియనివ్వకు. కొలిచే సామాను సరిగ్గా ఉందో లేదో ముందు అదే కొలుచుకో. ఇంతే. ఇంతమాత్రం తెలిస్తే విశ్వం నా గుప్పిట్లో ఉన్నట్టే అనుకున్నాను. ఒక్క భాషే నాకు సాయపడలేదు. మన తెలుగులో గొప్పవాళ్ళు ఊహించి నిలబెట్టినదీ సిద్ధాంతమే, పంచాంగం గుణించే ఆయనా సిద్ధాంతే. "నేను సిద్ధాంతాలు పరీక్షిస్తున్నానండీ" అని ఒకసారి కొట్లో గొప్పగా అన్నాను. బేరానికొచ్చిన పెద్దావిడ చీర పక్కనపెట్టి, "మా మనవడికి అక్షరాభ్యాసం ఎప్పుడు పెట్టుకోమంటావు నాయనా?" అని అడిగింది.

మామయ్యకి ఒక్కతే కూతురు. నాకన్నా చిన్నది, నాలుక మాత్రం పెద్దది. మడత విప్పిన చీరని మళ్ళీ కొత్త మడతలా పెట్టడంలో ఆ బజారు మొత్తంలో దానికి సాటి లేదు. "బావా, నీ పుస్తకంలో భూమి గుండ్రంగా ఉందని తేల్చారా, ఇంకా ఆలోచిస్తున్నారా?" అని మడతల మధ్యలోంచి తలెత్తకుండా అడిగేది. నాకు కోపం వచ్చేది. కోపం వచ్చినప్పుడల్లా ఆ పూట కొట్లో ఇంకాసేపు ఉండాలనిపించేది. మా ఇద్దరికీ పెళ్ళి అని ఎవరూ ఎప్పుడూ గట్టిగా అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. వరుసైనవాళ్ళం, ఒకే ఇంట్లో తిరుగుతున్నవాళ్ళం, నాన్న మగ్గం మీద అప్పుడే ఒక ఎర్రంచు చీర మొదలుపెట్టాడు కూడా. అన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయి. జరిగిపోయేవే, ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తయ్య ఆ ఒక్క మాట అనకపోతే, అన్నా నేను పప్పన్నం తింటూ ఊరుకుంటే.

"ఇద్దరి జాతకాలూ ఓసారి సిద్ధాంతి గారికి చూపించకూడదా? ఓ పని అయిపోతుంది" అంది అత్తయ్య నెయ్యి వేస్తూ.

ఆ సిద్ధాంతి గారు మా వీధికి రెండు సందుల అవతల ఉండేవారు. మెత్తని మనిషి, కోపమంటే ఎరగరు. మామయ్య కొత్త సరుకు దించాలన్నా ఆయన్నడిగే దించేవాడు. ఆయన మీద నాకేమీ పగ లేదు గానీ, జాతకం అన్న మాట వినగానే అట్టలేని పుస్తకమంతా నా గొంతులోకి వచ్చేసింది. ఎక్కడో ఉన్న శని గ్రహానికి గవర్నర్‌పేటలో ఎవరి పెళ్ళెవరితో అయితే ఏమిటన్నాను. రాహువట, కేతువట, సూర్యుణ్ణి మింగే పాములట, లేని పాముల పేరు మీద వేసే లెక్కలు ఉన్న మనుషులకి ఎలా సరిపోతాయన్నాను. చెయ్యి ఎండిపోయేదాకా మాట్లాడాను. మామయ్య అంతా విని, మజ్జిగ పోసుకుని, తాపీగా మొదలుపెట్టాడు.

"ఏం ప్రొఫెసరూ, మన కొట్లోకి చీర వస్తే అది అసలు నూలో కాదో ఎలా తేలుస్తాం?"

"ఒక పోగు లాగి కాలుస్తాం మామయ్యా. కాగితం వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి ముద్దకడితే కల్తీ."

"చీరంతా కాల్చక్కర్లేదుగా?"

"ఎందుకు? ఒక్క పోగు చాలు."

"మరింకేం? సిద్ధాంతి గారి పంచాంగంలోంచి కూడా నీ ఇష్టమొచ్చిన పోగు ఒకటి లాగు. కాల్చు. నూలైతే నూలు, కల్తీ అయితే కల్తీ. అంతేగానీ తిన్న చెయ్యి కడుక్కోకుండా ఈ ఉపన్యాసం ఏమిట్రా?"

అప్పుడు నా ముఖం ఎలా వెలిగి ఉంటుందో ఊహించండి. పుస్తకంలో చదివినది నా కళ్ళముందు జరగబోతోంది! ఏ పోగు లాగాలి? 'ధనలాభం', 'బంధుదర్శనం' లాంటివి గడియారంతో కొలవడం కుదరదు. కొలిచేందుకు వీలున్నది ఒకటే కనిపించింది. వచ్చే అమావాస్యకి సూర్యగ్రహణం ఉంది. అది ఎన్ని గంటలకు పడుతుందో ఆయన పంచాంగంలో వేసి ఉంది. లేని పాముతో వేసిన లెక్క అయిదు నిమిషాలైనా తప్పకపోతుందా అని నా ధీమా. గ్రహణమే పోగు అన్నాను. మామయ్య సరేనన్నాడు. లెక్క తప్పితే ఈ ఇంట్లో జాతకాల మాట ఎత్తనన్నాడు. తప్పకపోతే జాతకాలు చూపిస్తాను, ఆయన ఏమంటే అది, ఆనక ఏడవకూడదన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఇంకో షరతు పెట్టాను. ఒకవేళ చూపించాల్సి వస్తే ఆ కాగితాల మీద నక్షత్రం, పుట్టిన వేళ తప్ప ఇంకేమీ ఉండకూడదు, పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, ఎవరికెవరు ఏమవుతారో అసలే చెప్పకూడదు.

"అదేంట్రా, వరుస కూడా చెప్పకూడదా?" అంది అత్తయ్య.

"చెబితే ఆయన మొహమాటపడతారు అత్తయ్యా. మొహమాటం కలిస్తే ఫలితం చెడిపోతుంది."

వంటింటి గుమ్మంలోంచి మరదలు అడిగింది. "బావా, నీకు గెలవాలనుందా, పరీక్ష బాగా జరగాలనుందా?"

"పరీక్ష బాగా జరిగితే గెలిచినట్టే" అన్నాను ఠీవిగా. అది లోపలికి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నలో ఒక ఆడపిల్ల తన బతుకంతా పెట్టి అడుగుతోందని తెలుసుకోవడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. కానీ అప్పుడు నేను పుస్తకాల్లో ఉన్నవి తప్ప ఏవీ తెలుసుకోదలచని మనిషిని.

గ్రహణం రోజు బజారంతా మూసేశారు. సిద్ధాంతి గారు, పాపం తన మీద ఇంత పరీక్ష జరుగుతోందని తెలియక, కృష్ణలో స్నానానికి వెళ్ళిపోయారు. అత్తయ్య ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, పెరట్లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, గ్రహణం పట్టగానే నిలబెట్టడానికి రోకలి సిద్ధం చేసుకుంది. గ్రహణం ఉన్నంతసేపూ ఆ నీళ్ళలో రోకలి పట్టుకోకుండానే నిలబడుతుందని నమ్మకం. "అత్తయ్యా, రేపు నిలబెట్టినా నిలబడుతుందేమో చూశావా ఎప్పుడైనా?" అని అడిగాను. "రేపు దాన్ని నిలబెట్టే పని నాకేం ఉందిరా?" అంది. (ఈ జవాబుకి బదులేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.) ఎదురు కొట్లో రేడియోలు బాగుచేసే మా స్నేహితుడు, అందరూ రేడియో భాయ్ అని పిలిచేవారు, వెల్డింగు వాళ్ళ నల్లద్దం ఒకటి సంపాదించి, చేతిగడియారం రేడియో టైముతో సరిచూసుకుని మరీ వచ్చాడు. నాకు మరదలంటే ఎంత ఇష్టమో నాకన్నా ముందు కనిపెట్టినవాడు అతను. "గట్టిగా దువా చేశాను భాయ్, లెక్క తప్పుతుంది చూడు" అన్నాడు చెవిలో.

పరీక్షకి గడియారం కొట్లో గోడ మీదదే అని ముందే అనుకున్నాం. నేను అలవాటు ప్రకారం, కొలిచే సామాను కొలుచుకోవాలి కదా, గోడ గడియారాన్ని రేడియో భాయ్ గడియారంతో పోల్చి చూశాను. పావుగంట వెనక ఉంది! నిన్నటిదాకా బంగారంలా నడిచిన గడియారం! నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. సైన్సు తెలియనివాడైతే ఇక్కడ మోసపోయి ఉండేవాడు కదా. "చూశావా మామయ్యా, ఇది పట్టుకోకపోయి ఉంటే సిద్ధాంతి గారికి అన్యాయం జరిగేది" అని, స్టూలెక్కి, అందరూ చూస్తుండగా ముల్లు ముందుకి తిప్పాను. రేడియో భాయ్ నా చొక్కా లాగాడు. నేను పట్టించుకోలేదు. మరదలు గుమ్మం దగ్గర నిలబడి నా వంక ఒక చూపు చూసింది. గ్రహణం పట్టాల్సింది సూర్యుడికైతే ముందు ఆ పిల్ల మొహానికి పట్టిందేమిటా అనుకున్నాను తప్ప, ఇంకేమీ అనుకోలేదు. ఆ ముల్లు వెనక్కి తిప్పింది ఆ పిల్లేనని, తెల్లారకముందే లేచి, తండ్రి నిద్రలేచేలోగా కొట్లోకి దిగి తిప్పిందని, దాని పెళ్ళయి వెళ్ళిపోయాక అత్తయ్య చెబితే తెలిసింది. లెక్క తప్పించడానికి ఈ లోకంలో పూనుకున్న మనిషి అదొక్కతే. దాన్ని కూడా సవరించేశాను.

పంచాంగంలో వేసిన వేళ అయింది. నల్లద్దంలో సూర్యుడి అంచున చిన్న గాటు. నిమిషం అటు కాదు, ఇటు కాదు. రేడియో భాయ్ అద్దం దించి, "ఏం చేద్దాం భాయ్, సూర్యుడు మన పార్టీ కాదు" అన్నాడు. పెరట్లో రోకలి నిలబడ్డట్టుంది, అత్తయ్య దణ్ణం పెట్టుకుంటోంది. మామయ్య నెగ్గినవాడిలా కూడా లేడు. నా భుజం మీద చెయ్యి వేసి, బతిమాలుతున్నట్టుగా అడిగాడు. "నువ్వే చెప్పరా. ఆయన దగ్గరున్నది అబద్ధమే అయితే, ఎప్పుడో కూర్చుని కాగితం మీద వేసుకున్న వేళకి ఆ పైనున్నవాడు ఎందుకు నల్లబడతాడు? ఊరికే కుదిరిపోతుందా? అబద్ధానికి ఇంత గురి ఉంటుందా?"

అయిదో తరగతితో ఆగిన మా మామయ్య వేసిన ప్రశ్న చిన్నది కాదు. లెక్క ఇంత బాగా కుదురుతుంటే లెక్క వెనకున్న కథ నిజమై ఉండొద్దా, లేకపోతే ఈ కుదరడమంతా వింత కాదా అని, ఇదే ముక్క మీద లోకంలో పెద్దపెద్దవాళ్ళు లావుపాటి పుస్తకాలు రాసి ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారని నాకు తర్వాత్తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం ఒకటే. చెప్పింది జరిగితే నెగ్గినట్టని నేనే అన్నాను, చెప్పింది జరిగింది, నోరు మూసుకోవాల్సింది నేను. మూసుకున్నాను. మాట తప్పని సైన్సువాణ్ణి కదా!

మామయ్య రెండు కాగితాలు పట్టుకెళ్ళాడు. నా షరతు ప్రకారం నక్షత్రాలు, వేళలు తప్ప వాటి మీద ఏమీ లేవు. సిద్ధాంతి గారు చూసి, "వరుస ఏమిటండీ?" అని అడిగారట. "చెప్పకూడదండి, షరతు" అన్నాడట మామయ్య. ఆయన కళ్ళజోడు తీసి మామయ్యని వింతగా చూసి, "అయితే పనికిరాదండి. ఇద్దరిదీ ఒకే నాడి, దోషం" అన్నారట. అంతే. ఇంటికొచ్చి మామయ్య, ఈ సంబంధం వద్దనుకుందామన్నాడు. ఆయనకి నేనంటే ఇష్టం లేక కాదు. అంత గురిగా నల్లబడిన సూర్యుణ్ణి కళ్ళారా చూశాక, కన్నకూతురి విషయంలో ఆ మాట పక్కనపెట్టే ధైర్యం ఏ తండ్రికి ఉంటుంది? ఆ ఏడాదే కొండపల్లి దగ్గర కరెంటు స్టేషనులో ఉద్యోగం చేసే అబ్బాయికిచ్చి చేశారు. పెళ్ళిలో వడ్డన నాదే. నాన్న నేసిన ఎర్రంచు చీర మరదలికే పెట్టాం, వరుసకి బావని కాబట్టి.

తర్వాత కొన్నాళ్ళకి సిద్ధాంతి గారు పంచెల చాపు కొనుక్కోవడానికి మా కొట్టుకొచ్చారు. ఉండబట్టలేక ఆయనే కదిపారు.

"మీ యజమాని గారి అమ్మాయికి ముందొక సంబంధం చూపించారు, వరుస చెప్పనన్నారు. అదెవరిదయ్యా?"

"నాదేనండీ."

"నువ్వు ఆయనకి ఏమవుతావు?"

"మేనల్లుణ్ణండి."

ఆయన చేతిలో పంచె వదిలేశారు. "మేనరికమా! మేనరికానికి నాడీ లేదు, పొంతనా లేదు, ఏదీ చూడక్కర్లేదయ్యా! ఆ ఒక్క ముక్క చెబితే కాగితాలు తిరిగిచ్చేసి లడ్డూలు పట్రమ్మనేవాణ్ణి. ఎందుకు చెప్పొద్దన్నారు?"

"మీరు మొహమాటపడతారనండి" అన్నాను.

అత్తయ్యకి ఈ సంగతి ముందే తెలుసా, తెలిసి కూతుర్ని కొట్టు గుమాస్తాకిచ్చే కన్నా కరెంటు ఉద్యోగికివ్వడమే మేలని ఊరుకుందా అన్నది నేనెప్పుడూ అడగలేదు. ప్రతిదాన్నీ పరీక్షించాలన్న జబ్బు నాకు అక్కడితో కొంత తగ్గింది.

చదవడం మాత్రం తగ్గలేదు. మామయ్య ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఒక జీవితం చదివాను. మధ్యలో నాకూ పెళ్ళయింది, నాకన్నా ఓపిక ఉన్న మనిషితో. మామయ్య పోయాడు, కొట్టు చేతులు మారింది. చివరికి ఒకరోజు, ఏ పుస్తకంలోనూ కాదు, టీవీలో ఎవరో మగ్గం చూపిస్తుంటే దొరికింది జవాబు. ఒక్క పోగు కాలిస్తే చీర మొత్తం తెలియదు! పడుగు అసలు నూలు వేసి, పేకకి వేరే దారం ఎక్కించిన సరుకు మా ఊళ్ళోనే ఎంత చూడలేదు! నిలువు పోగు లాగి కాలిస్తే నూలంటావు, అడ్డపోగు లాగితే కల్తీ అంటావు. గ్రహణం లెక్క పంచాంగానికి పడుగు. తప్పినప్పుడల్లా ఆకాశంతో సరిచూసుకుని, తరం వెనక తరం దిద్దుకుంటూ వచ్చిన లెక్క అది. దానికి పాము ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నాడీ దోషం పేక. దాన్ని ఎవరూ ఎప్పుడూ దేనితోనూ సరిచూడలేదు, తప్పినా దిద్దలేదు. పడుగు నూలైనంత మాత్రాన పేక కూడా నూలవుతుందా? మగ్గం పక్కన పుట్టినవాణ్ణి, ఆ మధ్యాహ్నం మామయ్య చెయ్యి నా భుజం మీద ఉండగా ఈ నాలుగు మాటలు నా నోటికి రాలేదు. ఇంతకన్నా ఎక్కువగా నేను దేనికీ బాధపడలేదు.

మొన్నామధ్య గుణదలలో మా మరదలి మనవరాలి ఓణీల వేడుక జరిగింది. నేనూ మా ఆవిడా వెళ్ళాం. మరదలి మొగుడు గుమ్మంలో నిలబడి అందరికీ పన్నీరు చల్లుతున్నాడు. చాలా మంచివాడు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. భోజనాల దగ్గర మరదలు నాకెదురుగా వచ్చి కూర్చుంది. ఇంక ఆగలేక పడుగూ పేకా వివరించి చెప్పాను, చేతులు తిప్పుతూ, చెయ్యి ఎండిపోయేదాకా. అది మొత్తం విన్నది.

"బావుంది బావా. నిజమే కూడానూ. మరి ఆ రోజు నాన్నతో ఎందుకనలేదు?"

"అప్పుడు తెలీదుగా."

"ఆ మాటే అనొచ్చుగా? 'తెలీదు మామయ్యా, కాస్త ఆలోచించుకోనీ' అంటే నాన్న కొట్టేవాడా? నెల ఆగేవాడు. ఏడాదైనా ఆగేవాడు. నువ్వంటే అంత ప్రాణం ఆయనకి."

అది నవ్వుతూనే ఉంది గానీ, ఆ నవ్వు కాస్త సన్నబడింది. "పోనీ ఇది చెప్పు. మనకే అయ్యుంటే బాగుండేదంటావా?"

ఒకప్పుడైతే దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి, పైగా ఋజువు కూడా చూపించేవాణ్ణి. ఒక పెళ్ళి జరిగాక జరగని పెళ్ళిని ఏ అద్దంలో చూస్తాం, ఏ గడియారంతో కొలుస్తాం? అదీగాక మా ఆవిడ నా పక్క కుర్చీలోనే కూర్చుని, చెవులిటు పెట్టి పులిహోర తింటోంది.

"తెలీదు" అన్నాను.

మరదలు పకపకా నవ్వింది, పక్క వరుసలోవాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఇన్నాళ్ళకి వచ్చింది బావా, నీకు సైన్సు!"

ఆ జవాబులో నా సత్యశోధన పాలెంతో, పక్క కుర్చీ భయం పాలెంతో విడదీసి చూసుకుందామని మొదలుపెట్టాను. మా ఆవిడ నా విస్తట్లో ఇంకో గారె వేసి, "ఆ ఆలోచనలు ఇంటికెళ్ళాక చేసుకుందురుగాని, వేడిగా ఉంది తినండి" అంది. డెబ్భై దాటిన ఈ ప్రొఫెసరు ఈసారి వాదించలేదు. తనలో తనే నవ్వుకుంటూ గారె తిన్నాడు.